రెండు సజ్దాల నడుమ

నుదురు చాపకు ఆనగానే సమీవుల్లాకు ఆ అనుమానం పుట్టేది. ఇది మొదటి సజ్దానా, రెండోదా?

చిత్తూరు సంతపేటలో, బియ్యం మండీల వెనక సందులో అతనిది పరుపుల అంగడి. ముందర బూరుగు దూది మూటలూ గళ్ళ గుడ్డ తానులూ, వెనక తడిక చాటున ఒక చాప. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ఆ చాప మీదే నమాజు చేసుకునేవాడు. నమాజులో ఒక్కో విడతకూ, అంటే రకాతుకూ, నిలబడేది ఒకసారి, నడుం వంచేది ఒకసారి, నేలకు తల ఆనించేది మాత్రం రెండుసార్లు. ఒక సజ్దా చేసి, లేచి కాసేపు కూర్చుని, మళ్ళీ ఇంకొకటి చెయ్యాలి. పసితనంలో నాయన పక్కన నిలబడి నేర్చుకున్నది డెబ్బై దగ్గర పడేదాకా ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా జరిగిపోయింది. ఈ వేసవి నుంచే తిరకాసు మొదలైంది.

కళ్ళు మూసుకుని లోపల వెతుక్కునేవాడు. ఇందాక లేచి కూర్చున్న సంగతి మోకాళ్ళకేమైనా గుర్తుందా? అరచేతులకు? ఏదీ సాక్ష్యం చెప్పేది కాదు.

ఒక సజ్దా తగ్గితే ఆ నమాజు చెల్లదు. ఎటూ తేలకపోతే తక్కువ చేసినట్టే అనుకుని ఇంకొకటి చెయ్యాలి. ఆఖర్న, మరుపుకు బదులుగా మరో రెండు సజ్దాలు కలపాలి. వాటిని సహూ సజ్దాలంటారు. మనిషన్నాక మరిచిపోతాడని పైవాడు ముందే ఎరిగి ఉంచిన వెసులుబాటు అది. ఎప్పుడో ఒకసారి అక్కరకొచ్చే ఆ వెసులుబాటును సమీవుల్లా ఇప్పుడు రోజూ వాడుకుంటున్నాడు. ఒక్కోసారి ఆ సహూ సజ్దాల్లోనే ఒకటా రెండా అన్న అనుమానం వచ్చేది. అప్పుడు లోపల ఏదో జారిపోయినట్టయి చాప మీద అలాగే కూలబడేవాడు. గిరాకీ వచ్చి "ఏమప్పా, ఎవురూ లేరా లోపల?" అని కేకేసినా పలికేవాడు కాదు.

అందుకే ప్రతి పూటా మసీదుకే పోవడం మొదలుపెట్టాడు. ఇమాం వెనక వరసలో నిలబడితే లెక్కంతా ఇమాందే. ఆయన 'అల్లాహు అక్బర్' అంటే వంగడం, మళ్ళీ అంటే లేవడం. పక్కవాడి భుజం ఎటు పోతే మన భుజమూ అటే పోతుంది. వానొచ్చినా ఎండ కాసినా ఐదు పూటలూ వరసలో కనిపిస్తుండేసరికి వీధిలో అతనికి మంచి పేరొచ్చింది.

"సమీవుల్లాకు వయసయ్యే కొద్దీ బక్తి ముదురుతా ఉండాది, సూడండబ్బా," అని మసీదు వ్యవహారాలు చూసే ముతవల్లి సుల్తాన్ ఒకరోజు నలుగురిలో అన్నాడు. సమీవుల్లా చెవులు వేడెక్కాయి. ఎవరిదో కోటు తొడుక్కుని పెళ్ళికి పోయినవాడిలా తల దించుకుని చెప్పులు వేసుకున్నాడు.

సజ్దా అంటే ఏమిటో అతనికి చెప్పింది నాయనే. నాయనా పరుపులు కుట్టినవాడే. వాళ్ళది దూదేకుల కుటుంబం, ఇంట్లో మాటంతా తెలుగే. అరబ్బీలో నోటికొచ్చిన ప్రతిదాన్నీ నాయన తెలుగులో విడమరిచేవాడు. ఒకసారి పరుపు అంచు కుడుతూ కుడుతూ దబ్బనం పక్కన పెట్టి చెప్పాడు:

"సజ్దాలు రెండెందుకో తెలుసునా? మొదటిది, మనం మన్నులోంచి వచ్చినామని. లేసి కూసుంటాము సూడు, అది ఈ బతుకు. రెండోది, మళ్ళా మన్నులోకే పోవడం. ఆ పైన లేసి నిలబడేది కయామత్ దినాన, సచ్చినోళ్ళందరినీ మళ్ళా లేపే దినాన."

"కూసునేది రవ్వంత సేపే కద నాయనా?"

"మరి బతుకెంత సేపనుకున్నావు?"

ఇంకో మాట కూడా అనేవాడు. "సజ్దాలో తలకాయ కిందికి పోతాది, గుండెకాయ పైకి వస్తాది. పొద్దస్తమానం గుండె మీద కూసుని పెత్తనం చేసే తలకాయ దిగొచ్చేది ఆడొక్క చోటే. 'సుబ్‌హాన రబ్బియల్ ఆలా' అంటాము. అన్నిటికన్నా పైనుండే నా ప్రభువు పరిశుద్ధుడు అని. అందరికన్నా కిందికి దిగినప్పుడే ఆ మాట అనాల. బేరాలూ లెక్కలూ ఆడ పెట్టుకోవద్దు. నిన్ను నువ్వు మర్సిపో."

సమీవుల్లా అలా మరిచిపోవడం నేర్చుకున్నాడు. ఎన్నో ఏళ్ళు పట్టింది. నలభై దాటాక ఎప్పుడో ఒక తెల్లవారుజామున, నుదురు నేలకు ఆనీ ఆనకముందే లోపల అంతా సద్దుమణిగి, తానెవరో, ఎక్కడున్నాడో, ఏ అప్పు ఎవరికి తీర్చాలో ఏదీ లేకుండా పోయింది. ఆ తర్వాత అది అప్పుడప్పుడూ వచ్చి పోయేది. ఎవరికీ చెప్పుకోలేదు. బతుకులో తనకంటూ ఒక ఆస్తి ఉందంటే అదేననుకునేవాడు.

ఇప్పుడు ఆ నిశ్శబ్దం వచ్చిన ప్రతిసారీ భయం వేసేది. ఇది ఆ పాతదేనా? లేక తలలో ఎక్కడో ఒక్కో దీపమే ఆరిపోతోందా? లోపలినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి.

భయానికి కారణం ఉంది. ఆఖరి ఏడాది నాయనకు మనుషులు గుర్తు లేకుండా పోయారు. "ఎవురప్పా నువ్వు, పరుపు కావాల్నా?" అని కన్నకొడుకునే అడిగేవాడు. అందరినీ మరిచిపోయినా సజ్దాను మాత్రం మరవలేదు. నట్టింట్లో, పెరట్లో, ఒకసారి బస్సు స్టాండు ముందర ఎండలో కాలే నేల మీద, ఎటు తిరిగి ఉన్నాడో చూసుకోకుండా వంగిపోయేవాడు. లేచేవాడు, మళ్ళీ వంగేవాడు. చేసిన సంగతి గుర్తు లేదు కాబట్టి ఆగేవాడు కాదు. నుదురు చిట్లి నెత్తురొచ్చేది. పట్టుకుని లేపబోతే పసిబిడ్డలా ఏడ్చేవాడు. చూసినవాళ్ళు కొందరు చేతులు జోడించారు, కొందరు నవ్వారు. ఆ నవ్వినవాళ్ళ ముఖాలు సమీవుల్లాకు ఇప్పటికీ గుర్తే. ఆ ముఖాలైనా మరిచిపోతే బాగుండునని ఒక్కోసారి అనుకునేవాడు.

ఆ బుధవారం రాత్రి భోజనాలకు ముందు, ఇషా నమాజు కోసం మనుషులు ఇంకా వస్తుండగానే, ఇమాం షాకిర్ అతని పక్కన వచ్చి కూర్చున్నాడు. షాకిర్ ముప్పై దాటని మనిషి, మదనపల్లె వైపు పల్లె నుంచి వచ్చినవాడు. ముఖం వాడిపోయి ఉంది.

"చాచా, మా అమ్మకు బాగలేదు. తమ్ముడు ఫోన్ చేసినాడు. రేపు మద్యాన్నం నమాజు కాగానే పోతాను. వారం పట్టొచ్చు. ఎప్పట్లాగే మీరు ముందు నిలబడాల."

ఎప్పట్లాగే. నిజమే. ఇరవై ఏళ్ళుగా ఏ ఇమాం ఊరికి పోయినా ఆ నాలుగు రోజులూ ముందు నిలబడి నమాజు చేయించింది సమీవుల్లానే. శుక్రవారం ప్రసంగానికి మాత్రం వేరే మసీదు నుంచి ఎవరినో పిలిచేవారు.

సమీవుల్లా నోరు తెరిచాడు. ఇంతలో సుల్తాన్ అందుకున్నాడు. సుల్తాన్‌ది హైరోడ్డులో మటన్ అంగడి. మాటా మనిషీ రెండూ పెద్దవే.

"నువ్వు దిగులు పడొద్దు హజ్రత్. సమీ భాయ్ ఉండాడు కద. పరుపు మెత్తగా కుడతాడు, ఖురానూ అంత మెత్తగా సదువుతాడు. మాకు వరసలోనే నిద్ర పట్టేస్తాది."

అందరూ నవ్వారు. సమీవుల్లా కూడా నవ్వాడు. నవ్విన నోటితో కాదని చెప్పలేకపోయాడు.

ఆ ఇషా ఇమాం వెనక సవ్యంగానే చేశాడు. కానీ రేపటి నుంచి వెనక తానుండడు. తన వెనక ముప్పై నలభై మంది ఉంటారు. ముందు నిలబడ్డవాడు ఒక సజ్దా మింగేసి, ఎవరూ గమనించకపోతే, వెనక వాళ్ళందరి నమాజూ పోయినట్టే. ఆటో నడిపేవాడు బేరం వదులుకుని వచ్చి చేసిన నమాజు, కీళ్ళ నొప్పులతో ముసలాయన ఈడ్చుకుంటూ వచ్చి చేసిన నమాజు, అన్నీ తన మెడకే. దారంతా అదే ఆలోచన. ఇంటి సందు దాటి రెండిళ్ళు ముందుకు పోయి, వెనక్కి తిరిగి వచ్చాడు. పరధ్యానమేలే అని తనకు తానే గట్టిగా చెప్పుకున్నాడు.

భార్య జైతున్‌బీ పప్పులో తాలింపు పెడుతోంది. ఆమె ఇంకా ఇషా చేసుకోలేదు.

"నఫిల్ చేసుకుందాం రా. నా ఎనకాల నిలబడు," అన్నాడు. నఫిల్ అంటే తప్పనిసరి కాని, ఇష్టంగా చేసుకునే నమాజు.

ఆమె గరిటె పట్టుకునే తిరిగి చూసింది. "ఏంది కొత్తగా? పెండ్లయిన కొత్తలో ఒక తూరి నిలబెట్టినావు. నీ సదువు ఇందామని నేను నిలబడితే, మద్యలో నవ్వినావు."

"ఇప్పుడు నవ్వనులే. రేప్పొద్దు నుంచి మసీదులో ముందు నిలబడాల. గొంతు సరిసూసుకుంటా."

"గొంతా?" అంది. స్టవ్ ఆర్పి, కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని, పమిట తల నిండా కప్పుకుని అతని వెనక వచ్చి నిలబడింది.

మొదటి రకాతు దాటింది. రెండో రకాతులో సజ్దాకు పోయాడు. నేల చల్లగా తగిలింది. 'సుబ్‌హాన రబ్బియల్ ఆలా' అన్నాడు. లేచి కూర్చున్నాడు. కూర్చుని, అలాగే ఆఖరి ప్రార్థన మొదలుపెట్టేశాడు.

వెనకనుంచి చప్పుడైంది. ఒక చేతి వెనక భాగం మీద ఇంకో అరచేయి పడిన చప్పుడు, దాని వెంటే గాజుల గలగల. ముందున్నవాడు తప్పు చేస్తే మగవాళ్ళు 'సుబ్‌హానల్లా' అంటారు. ఆడవాళ్ళు గొంతెత్తరు, ఇలా చెయ్యి తడతారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో జైతున్‌బీ అతన్ని తప్పు పట్టిన చప్పుడు అదే మొదటిది.

వంగి మిగిలిపోయిన సజ్దా చేశాడు. చివర సహూ సజ్దాలు చేశాడు. ఇటూ అటూ తల తిప్పి సలాం చెప్పాక కూడా వెనక్కి తిరగలేదు.

"గొంతు బాగానే ఉండాది," అంది జైతున్‌బీ.

అతను చాప అంచు సరిచేశాడు.

"ఇదో, నీకే సెప్తా ఉండా. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"కాణిపాకం లాడ్జి మునిరత్నానికి పరుపులు కుట్టినావు సూడు, అందులో ఒక దాంట్లో దబ్బనం ఇడిసిపెట్టినావు. దూదిలో నిట్టనిలువునా ఉండాది. దేవుడి దర్శనానికొచ్చి ఆడ పండుకునే ఏ తల్లి బిడ్డకు గుచ్చుకోనుండెనో. నేనే తీసి మళ్ళా కుట్టినాను. ఆ పొద్దు కాణ్ణుంచి నువ్వు కుట్టిన పరుపు ఏదైనా సరే, అరచేత్తో అంతా ఒత్తి ఒత్తి సూసే బండికెక్కిస్తా ఉండా."

సమీవుల్లా ఇప్పుడు తిరిగాడు. "ఎప్పటి నుంచి?"

"మామిడి పూత కాణ్ణుంచి."

మామిడి పూతంటే ఎండాకాలం కంటే ముందు. తనకు తెలియకముందే ఆమెకు తెలుసు. ఆ సంగతి దబ్బనం కంటే లోతుగా దిగింది.

"నాకెందుకు సెప్పలా?"

"నువ్వు నాకు సెప్పినావా?"

పొయ్యి మీది పప్పు వాసన గదంతా నిండి ఉంది.

"పొద్దున్నే పోయి ఇమాం హజ్రత్‌తో సెప్పేయ్," అందామె. "నాకు తల నిలకడ లేదు, ఇంకొకరిని పెట్టుకోండి అని సెప్పు. ఆ పైన తిరపతి పెద్దాసుపత్రికి పోదాం. మందులుంటాయంట."

"వాళ్ళమ్మ మంచంలో ఉండాది. ఇప్పుడు పోయి ఆయనకు ఇంకో బరువు పెట్టమంటావా? ఇంకెవురుండారు ఈడ సదివేటోళ్ళు?"

"నీ బాద అది కాదు."

"మరేంది?"

"మామను సూసి నవ్వినోళ్ళు నిన్ను సూసి నవ్వుతారని."

అతను విసురుగా లేచాడు. ఏదో అనబోయాడు. ఏమనాలనుకున్నాడో నిజంగానే గుర్తు రాలేదు. ఇది కోపం వల్లా, ఆ జబ్బు వల్లా అని నిలబడే ఆలోచించాడు. జైతున్‌బీ అతని చెయ్యి పట్టుకుని పళ్ళెం ముందు కూర్చోబెట్టింది.

గురువారం మధ్యాహ్నం చెప్పాలనే పోయాడు. షాకిర్ సంచి భుజాన వేసుకుని, ఫోన్ చెవికి అదిమి పట్టి మసీదు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. "తాగుతా ఉందా? నీళ్ళన్నా తాగుతా ఉందా?" అని అవతలి వాళ్ళను అడుగుతున్నాడు. సమీవుల్లాను చూసి ఫోన్ దించి, రెండు చేతుల్తో అతని చెయ్యి పట్టుకున్నాడు.

"మీరుండారన్న దైర్నంతోనే పోతా ఉండా చాచా. అమ్మ కోసం సజ్దాలో ఒక మాట అడగండి."

"అడుగుతా. పో నాయనా, బస్సు పోతాది," అన్నాడు సమీవుల్లా. చెప్పాలనుకున్నది చెప్పలేదు.

సాయంత్రం అసర్ నమాజుకు ఉపాయం పన్నాడు. మొదటి సజ్దా కాగానే నాలుకను ఎడమ దవడకు ఆనించి ఉంచాలి. రెండోది అయ్యాక తీసేయాలి. నాలుక ఎక్కడుందో చూసుకుంటే చాలు, లెక్క తెలిసిపోతుంది. అలాగే చేశాడు. ఒక్క పొరపాటు కూడా జరగలేదు. సలాం చెప్పాక వెనక ఎవరో తృప్తిగా నిట్టూర్చడం వినిపించింది.

కానీ సమీవుల్లాకు నోరు చేదుగా అనిపించింది. నమాజంతా నాలుకనే కాపలా కాశాడు. నుదురు ఎప్పుడు నేలకు తగిలిందో, ఏమన్నాడో, ఎవరి ముందు వంగాడో ఒక్కసారీ తెలియలేదు. షాకిర్ తల్లి మాట అసలు గుర్తే రాలేదు. పరుపు అంచున టాకాలు వేసినట్టు వేసుకుంటూ పోయాడు. లెక్క పట్టుకుంటే సజ్దా జారిపోతోంది. సజ్దాలోకి దిగితే లెక్క జారిపోతోంది. రెంటినీ కలిపి పట్టుకున్న చెయ్యి తనదేనా, ఇన్నేళ్ళూ అంత తేలిగ్గా ఎలా పట్టుకుందని ఆశ్చర్యపోయాడు. అక్కడే మసీదులో కూర్చుండిపోయాడు. ఇంటికి పోతే జైతున్‌బీ ముఖం చూడాలి.

పొద్దు గుంకింది. మగ్రిబ్ నమాజుకు అంగళ్ళవాళ్ళంతా వచ్చారు, వరసలు నిండాయి. ఈ నమాజులో ఖురాన్ సూరాలు పైకి చదవాలి. సమీవుల్లా గొంతు మొదట వణికి, తర్వాత కుదురుకుంది. నాయన నేర్పిన వరస నోట్లోంచి దానంతటదే సాగింది. రుకూలో నడుం వంచి, లేచి, సజ్దాకు పోయాడు.

షాకిర్ తల్లి గుర్తొచ్చింది. ఎప్పుడూ చూడని ఆ తల్లి నీళ్ళు తాగుతోందో లేదో. ఆమె కోసం అడుగుదామనుకున్నాడు. అడగడానికి మాటలు వెతుక్కుంటుండగానే అంతా సద్దుమణిగింది. నాలుక లేదు, దవడ లేదు, వెనక వరస లేదు. ఎంతసేపో తెలియదు.

తేరుకునేసరికి నిలబడి ఉన్నాడు. చేతులు కట్టుకుని ఉన్నాయి.

"సుబ్‌హానల్లా!"

సుల్తాన్ గొంతు. సమీవుల్లా ఒళ్ళంతా చెమట పట్టింది. తప్పు జరిగిందని ఆ మాట చెబుతుంది. ఏ తప్పో చెప్పదు. నమాజులో అంతకుమించి మాట్లాడకూడదు. ఏం చేశాను? సజ్దా ఒకటి తగ్గిందా? లేక ఇది రెండో రకాతు అయిపోయి, కూర్చోవాల్సిన చోట లేచానా? మొదటిదైతే వెంటనే వెనక్కి పోవాలి. రెండోదైతే, ఇలా పూర్తిగా లేచాక మళ్ళీ కూర్చోకూడదు. ఇది ఎన్నో రకాతు? ఇందాక ఏ సూరా చదివాను?

గోడ మీద పంకా తిరుగుతోంది. బయట ఎవరో బండి స్టార్ట్ చేశారు.

"సుబ్‌హానల్లా," అని మళ్ళీ అన్నాడు సుల్తాన్, ఈసారి నెమ్మదిగా, పసివాణ్ణి నిద్ర లేపినట్టు.

సమీవుల్లా ఆలోచించడం మానేశాడు. ఏదైతే అదవుతుందని 'అల్లాహు అక్బర్' అంటూ నేల మీదికి వాలాడు. వెనక ముప్పై నలభై ఒళ్ళు ఒక్కసారిగా వంగిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడులో ఊరట ఉంది. దాన్ని బట్టే తెలిసింది, తగ్గింది సజ్దానేనని. ఆ తర్వాతి రకాతులను వెనకవాళ్ళ కదలికలు వింటూ, తడుముకుంటూ దాటించి, ఆఖర్న సహూ సజ్దాలు చేయించి, సలాం చెప్పాడు.

నమాజు చెల్లింది. ఇది ఎవరికైనా జరిగేదే, ధర్మం దారి పెట్టిందే. సుల్తాన్ ముందుకు జరిగి భుజం తట్టాడు.

"ఏం భాయ్, మమ్మల్ని నిద్రపుచ్చతావనుకుంటే నువ్వే నిద్రపోతివే!"

వెనక నవ్వులు. మంచి నవ్వులే. సమీవుల్లాకు తప్పించుకోవడానికి తలుపు తెరిచే ఉంది. తనూ నవ్వేస్తే సరిపోతుంది. కానీ ఇంకో గంటలో ఇషా. రేపు తెల్లవారితే ఫజర్. సుల్తాన్ రాని పూట, అందరూ ముందున్నవాడి మీద భారం వేసి కళ్ళు మూసుకున్న పూట...

"సుల్తాన్, కూసో. మీరూ కూసోండి," అన్నాడు.

లేవబోతున్నవాళ్ళు ఆగారు.

"ఇది నిద్ర కాదు. నాకు సజ్దాల లెక్క నిలవడం లేదు. శానా దినాల నుంచి. మీతో వరసలో నిలబడేది బక్తి ముదిరి కాదు. ఒంటరిగా చేసుకోలేక." టోపీ సరిచేసుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "మా నాయన ఎట్లుండెనో మీలో పెద్దోళ్ళకు తెలుసు. నాకూ అదే వస్తా ఉండాదో ఏమో. తెలీదు. నన్ను మాత్రం ముందర నిలబెట్టొద్దండి. మీ నమాజులు పోతాయి."

ఎవరూ నవ్వలేదు. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. నవ్వితే ఎలా నిలబడాలో ఇన్నేళ్ళూ ఊహించుకున్నాడు కానీ, ఇలా అందరూ తలలు వంచుకుని ఊరకుంటే ఏం చెయ్యాలో తెలియలేదు. వెనక వరసలో ఒక ముసలాయన గొంతు సవరించుకుని, "నాకు మొన్న రకాతే మాయమైపోయింది లేప్పా," అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు. అదీ ఇదీ ఒకటి కాదని ఇద్దరికీ తెలుసు.

"మరి ఇషాకు ఎవురు?" అని ఎవరో అడిగారు.

అందరూ సుల్తాన్ వైపు చూశారు. సుల్తాన్ ముఖం పాలిపోయింది.

"నేనా? నా సదువు మేకలు కూడా ఇనవు కదబ్బా!"

"మేకలు ఇనొద్దులే. మేము ఇంటాము," అన్నాడు సమీవుల్లా. "నాలుగు చిన్న సూరాలు వస్తాయి కద, అవి చాలు."

ఇషా దాకా సుల్తాన్ మసీదు మూల కూర్చుని, పెదాలు కదుపుతూ ఆ సూరాలే నెమరు వేసుకున్నాడు. మధ్యలో ఒకసారి సమీవుల్లా దగ్గరికి వచ్చి, "నేను ఆగిపోతే అందిస్తావు కద?" అని గుసగుసగా అడిగాడు. "సోమారం నేను తిరపతికి పోతా ఉండా. నువ్వూ అక్కా రాండి. ఆసుపత్రి కాడ దించుతా," అని అదే గొంతుతో అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళి మళ్ళీ మూలన కూర్చున్నాడు.

సోమవారానికి నాలుగు రోజులే ఉంది. అక్కడ ఏం చెబుతారో. చెప్పింది తనకెన్నాళ్ళు గుర్తుంటుందో.

ఇషాకు రెండో వరసలో నిలబడ్డాడు. కుడివైపు ఆటో నడిపే కుర్రవాడి భుజం, ఎడమవైపు ఆ గొంతు సవరించుకున్న ముసలాయన భుజం. సుల్తాన్ చదువు గరుగ్గా, తడబడుతూ, భయం భయంగా సాగింది. ఒకచోట ఆగిపోయాడు. సమీవుల్లా మెల్లగా మాట అందించాడు. అందుకుని ముందుకు పోయాడు.

అల్లాహు అక్బర్. భుజాలు కిందికి పోయాయి, అతని భుజమూ పోయింది. వేళ్ళు, మోకాళ్ళు, అరచేతులు, ముక్కు, నుదురు. నేల పగటి వేడిని ఇంకా కొంచెం దాచుకుని ఉంది. సుల్తాన్ తను కూడా లెక్క పెట్టుకుంటున్నాడు కాబోలు, ఎంతకీ లేవడం లేదు. వరసలో ఎవరో దగ్గారు.

నిశ్శబ్దం వచ్చింది. ఇది ఏ నిశ్శబ్దమో ఇప్పుడూ తెలియలేదు. భయం ఎక్కడికీ పోలేదు. అదీ అతనితోపాటే అక్కడ తల వంచుకుని ఉంది. దానిని పక్కకు నెట్టే ఓపిక లేక అలాగే ఉండనిచ్చాడు. షాకిర్ తల్లికి నీళ్ళు దిగాలని అడిగాడు. జైతున్‌బీ అరచేతుల గురించి ఏదో అడగబోయి, ఏమడగాలో తెలియక ఆమె పేరు మాత్రం చెప్పాడు. ఎడమ పక్కన ముసలాయన ఊపిరి ఈల వేసినట్టు వినిపిస్తోంది. ఇది మొదటి సజ్దానో రెండోదో సమీవుల్లా చూసుకోలేదు. లేవమని సుల్తాన్ ఇంకా పిలవలేదు. నుదురు నేల మీదే ఉంచి, లెక్క పెట్టకుండా, 'సుబ్‌హాన రబ్బియల్ ఆలా' అంటూనే ఉన్నాడు.